అందరికీ ఇరవై

“రాసింది మీ పిల్ల, సంతకం పెట్టింది మీ పిల్ల. మధ్యలో నా పీకల మీదికి వస్తారేంటి మేడమ్?”

“పీకల మీదికి రావడం కాదమ్మా. దాని గడికి ముందు ఇంకో మూడు గడులున్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తరేం అంటున్నా.”

“అవి స్టాఫ్ రాసినవి. ఎలా రాయాలో స్టాఫ్‌కి తెలుసు.”

“ఆ తెలియడమే నాకు అనుమానంగా ఉంది.”

“మీకు అనుమానం లేనిదేముంది! పొద్దున కాఫీ ఇస్తే కప్పు చుట్టూ తిప్పి చూసి గానీ తాగలేదు.”

“అంచుకి లిప్‌స్టిక్ ఉంది. నువ్వు వేసుకోవు.”

ఆ తర్వాత కుర్చీ ఈడ్చిన చప్పుడు, తలుపు దబ్బున పడిన చప్పుడు.

నేను ఇవతల కూర్చుని విన్నాను. చాటుగా వినడం తప్పే. కానీ మా రికార్డు గదికీ మూడో వార్డు డ్యూటీ గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, ఒక పలచటి ప్లైవుడ్ చెక్క. అవతల ఎవరైనా ఆవలిస్తే ఇవతల నాకు నిద్రొస్తుంది. వినకుండా ఉండాలంటే ఉద్యోగం మానేయాలి. అప్పటికే డిగ్రీ మధ్యలో మానేసి ఉన్నాను. ఇదీ మానేస్తే ఇంట్లో కంచం తిరగేస్తారు.

పోట్లాడుకున్న ఇద్దరిలో ఒకరు మూడో వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్. రెండో ఆవిడ ఆసుపత్రి వెనకున్న నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే మేడమ్. పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు సీఐడీ. ఎదురుగా ఎవరూ అనరు. అయినా ఆవిడకి తెలుసు. పెట్టిన పిల్ల ఎవరో కూడా తెలుసు. ఆ పిల్ల ఇప్పుడు ఇంకో ఆసుపత్రిలో ఇన్‌ఛార్జి.

గొడవంతా పదకొండో మంచం గురించి. ఆ మంచం మీదున్న మనిషి దర్జీ, యాభై దాటినవాడు. కడుపులో అపెండిక్స్ పగిలితే ఆపరేషన్ చేశారు. నాలుగో రోజు సాయంత్రం ఏడింటికి ఆయన భార్య వరండాలోకి వచ్చి కేక పెట్టింది. వెళ్లి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి, నిమిషానికి నలభై నాలుగుసార్లు ఊపిరి తీస్తున్నాడు. ఐసీయూకి తీసుకెళ్లి ఊపిరి మెషీన్ పెట్టారు. ఊపిరితిత్తుల డాక్టరు వచ్చి చూసి, ఇది గంటలో ముంచుకొచ్చింది కాదు, మధ్యాహ్నం నుంచే ఊపిరి వేగం పెరుగుతూ ఉండాలి అన్నాడు. మంచానికి వేలాడే చార్టు తీశారు. ఊపిరి గడిలో పొద్దున ఆరింటికి ఇరవై. పదింటికి ఇరవై. రెండింటికి ఇరవై. సాయంత్రం ఆరింటికి ఇరవై.

“ఆరింటికి ఇరవై ఉన్నది ఏడింటికి నలభై నాలుగు ఎలా అయిందండీ?” అని దర్జీ భార్య అడిగింది. కొలతల విషయంలో ఆ ఇంటివాళ్లని మోసం చేయడం కష్టం.

ఆరింటి గడిలో సంతకం నర్సింగ్ రెండో ఏడు చదివే ఒక పిల్లది. గబగబా మాట్లాడుతుందని దాన్ని అందరూ పిచ్చుక అనేవాళ్లు. సూపరింటెండెంట్ విచారణ వేశాడు. గురువారం పదకొండింటికి ముగ్గురు కూర్చుంటారు, పిచ్చుక పేరు స్కూలు రిజిస్టర్‌లోంచి కొట్టేస్తారు, కాగితం మూసేస్తారు. అందరికీ ముందే తెలిసిన కథ ఇది. ఒక్క సీఐడీ మేడమే అడ్డం తిరిగింది.

నాకు మొదట ఆవిడ మీదే అనుమానం. తన స్కూలు పరువు కాపాడుకోవడానికి ఇదంతా అనుకున్నాను.

ఆవిడ పాఠం చెప్పే తీరు నాకు తెలుసు. ఆసుపత్రిలో పై అంతస్తుకి స్ట్రెచర్లు తోసే ర్యాంపు మా రికార్డు గది కిటికీ ముందునుంచే పోతుంది. కొత్త బ్యాచ్ వస్తే మొదటి పాఠం క్లాసులో కాదు, ఆ ర్యాంపు మీదే.

“చెప్పమ్మా, ఆరోగ్యం అంటే ఏంటి?”

“శారీరకంగా, మానసికంగా, సామాజికంగా సంపూర్ణమైన…”

“ఆగాగు. పుస్తకం నా దగ్గరా ఉంది. నువ్వు ఆరోగ్యంగా ఉన్నావా?”

“ఉన్నాను మేడమ్.”

“ఎలా తెలుసు?”

“ఏ జబ్బూ లేదు కదా మేడమ్.”

“లేదని ఎవరు చెప్పారు? ఈ మధ్య ఏమైనా టెస్టులు చేయించావా?”

ఆ పిల్ల తెలియకుండానే తన గొంతు తడిమి చూసుకునేది. మిగతావాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. మేడమ్ నవ్వేది కాదు.

“నవ్విన నలుగురూ ఇటు రండి. పైన ఆ చివర నిండు ఆరోగ్యం, కింద ఈ చివర చావు అనుకోండి. మధ్యలో తలుపులేమైనా ఉన్నాయా? ఇటు జబ్బు, అటు ఆరోగ్యం అని ఎవరైనా గీత గీశారా? లేదు. అందరం ఈ ఏటవాలు మీదే ఎక్కడో ఒకచోట ఉన్నాం. ఒంటికి తెలియకముందే కొందరు జారడం మొదలుపెడతారు. మనిషి ఎక్కడున్నాడో చూస్తే సగం పనే. ఎటు కదులుతున్నాడో చూడాలి. రోజుకి నాలుగుసార్లు కొలిచేది అందుకు. గడులు నింపడానిక్కాదు.”

ఇంకో మాట కూడా అనేది. “రోగి చెప్పుకునే బాధ వేరు, మీ కంటికి కనపడే గుర్తు వేరు. రెండూ కలిస్తే సరే. కలవకపోతే ఇంకోసారి చూడండి. ‘నాకేం, బాగానే ఉన్నా’ అన్నవాణ్ని రెండుసార్లు చూడండి. మా నాన్న కూడా బాగానే ఉండేవాడు, పోయేదాకా.”

ఆ నాన్న సంగతి ఆవిడ భర్త నాకు చెప్పాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఒక ఆదివారం ఫైళ్ల జిరాక్సులు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్తే, గుమ్మంలోనే కూర్చోబెట్టి కబుర్లలోకి దిగాడు.

“చేతులు కడుక్కున్నావా బాబూ? కడుక్కోకపోతే ఇప్పుడే కడిగేసుకో. లోపలికి వెళ్లాక ఎలాగూ తప్పదు. నన్ను మొట్టమొదట కలిసినప్పుడు ఏం చేసిందో తెలుసా? చెయ్యి పట్టుకుంది. ఓహో అనుకున్నా. గోరు నొక్కి వదిలి, రక్తం ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూసింది! నా బస్సుకైనా బ్రేకుంది గానీ ఈవిడ అనుమానానికి లేదయ్యా.”

మేడమ్ తండ్రి ఇళ్లకి రంగులు వేసేవాడు. దగ్గితే రంగు వాసన అనేవాడు. చిక్కిపోతే ఎండ అనేవాడు. క్షయ అని తెలిసేసరికి ఆలస్యమైంది. ఒకటే గది, నలుగురు మనుషులు. తమ్ముడికి అంటుకుంది, ఈవిడకి అంటలేదు. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. ఆవిడ వెంట వచ్చిన పదిహేనేళ్ల పిల్ల అక్కడి నర్సుని పట్టుకుని, వాడికెందుకు వచ్చింది, నాకెందుకు రాలేదు అని అడిగిందట. నువ్వు ఎక్కడ పడుకునేదానివి అని ఆ నర్సు అడిగింది. కిటికీ కింద. వాడు? నాన్న పక్కన. క్రిమి అదే, ఇల్లు అదే. తేడా అంతా గాలిది, ఎవరి ఒంట్లో ఎంత సత్తువ ఉందన్నదానిది. ఆ మాటతో నర్సింగులో చేరింది. జబ్బుకి క్రిమి ఒక్కటే చాలదు, మనిషి ఒళ్లూ, చుట్టూ ఉన్న చోటూ కూడా కలిసి రావాలి అని పిల్లలకి చెప్పేటప్పుడు పుస్తకం ముట్టదు, ఆ గది బొమ్మ గీస్తుంది. తమ్ముడు బతికాడు. ఇప్పుడు తాతయ్య. అయినా ప్రతి ఆదివారం ఫోన్ చేసి “ఏదీ, ఒక్కసారి దగ్గు” అంటుంది. ఆయన అలవాటుగా దగ్గి చూపిస్తాడు.

ఇంత తెలిశాక కూడా నా అనుమానం తీరలేదు. మంచి కథ ఉన్నంత మాత్రాన మనిషి నిజం చెబుతున్నట్టు కాదు.

గొడవైన రోజు మధ్యాహ్నమే ఆవిడ మా గదికి వచ్చింది. కుర్చీని రుమాలుతో తుడిచి కూర్చుంది.

“బాబూ, ఆ గోడలోంచి వినపడుతుంది కదా?”

“అబ్బే, లేదు మేడమ్.”

“ఏం వినపడుతుందో నేనింకా చెప్పలేదు. సరే విను. మూడో వార్డు చార్టులు, ఈ ఆరు నెలలవి కావాలి. తర్వాత పాతవి, అయిదేళ్లకి ఒక కట్ట చొప్పున, వెనక్కి ఎంతదాకా ఉంటే అంతదాకా. ఏ వార్డు, ఏ నెల అన్నది ఇందులో రాశాను.” ఒక చీటీ ఇచ్చింది. “ఊపిరి గడి ఒక్కటే చూడు. ఏ అంకెలున్నాయో రాసి పెట్టు.”

“నన్నే ఎందుకు చూడమంటున్నారు?”

“నేను చూస్తే నాకు కావలసిందే కనపడుతుంది. నీకు ఎవరి మీదా ప్రేమ లేదు, మొహం చూస్తేనే తెలుస్తోంది.”

తిట్టో పొగడ్తో అర్థం కాలేదు. చూశాను. మూడు రోజులు పట్టింది. మొదటి రోజు సాయంత్రానికే నా తల తిరిగింది. నిద్రపోతున్నవాడికి ఇరవై. న్యుమోనియాతో వచ్చినవాడికి ఇరవై. ఎనభై ఏళ్ల ముసలాయనకి ఇరవై, ఆయన పక్క మంచం మీది కుస్తీ మాస్టారుకి ఇరవై. ఒకాయన చనిపోయిన టైము పదకొండుంబావు అని రాసి ఉంది, పదింటికి ఆయన ఊపిరి కూడా ఇరవయ్యే. అక్కడక్కడ పద్దెనిమిది, ఇరవై రెండు. నూట నలభై చార్టుల్లో బేసి అంకె దొరకడం గగనమైంది.

మేడమ్ ఆశ్చర్యపోలేదు. “పెద్దవాళ్లకి పన్నెండు నుంచి ఇరవై దాకా మామూలు. ఇరవై రాస్తే ఎవరూ లేచి అడగరు. లెక్కపెట్టినవాళ్లయినా అరనిమిషం చూసి రెట్టింపు చేస్తారు, అందుకే అన్నీ సరి అంకెలు. ఊపిరి దగ్గర వచ్చిన చిక్కేంటంటే, జ్వరానికి థర్మామీటరుంది, బీపీకి మెషీనుంది. దీనికి మనిషే నిమిషంపాటు నిలబడాలి. పైగా రోగికి తెలియకూడదు. చూస్తున్నారని తెలిస్తే ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, ఛాతీ వైపు చూడాలి. నిమిషంపాటు దొంగ వేషం. వార్డులో నలభై మంది రోగులుంటే నలభై నిమిషాలు. ఎవరు చేస్తారు?”

“మీ పిల్లలు చేస్తారా?”

“బేసి అంకెలు ఎవరి దగ్గర దొరికాయి?”

నేను నా కాగితం చూసుకున్నాను. మొత్తం పందొమ్మిది బేసి అంకెలు. పదిహేడు, పందొమ్మిది, ఇరవై మూడు, ఒకచోట ఇరవై ఏడు. వాటిలో పద్నాలుగింటి కింద ఉన్న సంతకం పిచ్చుకది.

నాకు అప్పుడు వచ్చింది అసలు అనుమానం. రోజూ నిమిషం నిలబడి లెక్కపెట్టే పిల్ల, ఆ రోజు మాత్రం ఇరవై ఎందుకు రాసింది?

మేడమ్‌కి ఆ అనుమానం నాకంటే ముందే వచ్చినట్టుంది. మర్నాడు పిచ్చుకని మా గదికే పిలిపించింది. నన్ను బయటికి పొమ్మనలేదు.

“ఆరింటికి పదకొండో మంచం దగ్గరికి వెళ్లావా?”

“వెళ్లాను మేడమ్.”

“చెయ్యి పట్టుకున్నావా?”

“పట్టుకున్నాను మేడమ్. నిజంగా మేడమ్.”

“నిమిషం చూశావా?”

పిచ్చుక ఈసారి ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. గబగబా మాట్లాడే మనిషి నెమ్మదిస్తే గది చిన్నదైపోతుంది.

“రెండు నిమిషాలు చూశాను. మొదటిసారి ముప్పై మూడు వచ్చింది. తప్పు లెక్కపెట్టాననుకుని మళ్లీ చూశాను. ముప్పై నాలుగు వచ్చింది.”

“మరి?”

“పైన ఇరవై ఉంది మేడమ్. ఇరవై, ఇరవై, ఇరవై. ముగ్గురు స్టాఫ్ సిస్టర్లకి ఇరవై వచ్చింది, నా ఒక్కదానికే ముప్పై నాలుగు. నాకే లెక్క రాలేదేమో అనుకున్నా. మొన్న ఒకాయనకి ఇరవై ఏడు అని రాస్తే డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు. ఆయన అప్పుడే బాత్రూమ్‌కి వెళ్లొచ్చి ఆయాసపడుతున్నాడు, అంతే. ఇన్‌ఛార్జి సిస్టర్ అందరి ముందూ ‘ఊపిరి లెక్కపెట్టడం కూడా రాని మొహం’ అన్నారు. అందుకని…”

“అందుకని ఇరవై రాశావు.”

“రాశాను మేడమ్.”

ఓదారుస్తుందేమో అనుకున్నాను. లేదు.

“నువ్వు తప్పు చేశావు. ఆ మనిషి మెషీన్ మీదున్నాడు. ఆయన కళ్లు తెరిచినా, తెరవకపోయినా ఆ ముప్పై నాలుగు నీ దగ్గరే ఉంటుంది. అర్థమైందా?” పిచ్చుక తలూపింది. ముక్కు చీదుకోబోయి, మేడమ్ ఎదురుగా ఉందని గుర్తొచ్చి రుమాలు వెతుక్కుంది. “ఆ వార్డులో ఆ రోజు నిజంగా లెక్కపెట్టింది నువ్వొక్కదానివే. అది కూడా నిజమే. ఇక వెళ్లు.”

ఆ పిల్ల వెళ్లాక నేను ఉండబట్టలేక అన్నాను. “మేడమ్, ఇది విచారణలో నిలబడదు. ఇప్పటి పిల్లలు బద్ధకస్తులు, మీ కాలంలో ఇలా ఉండేదా అంటారు. ఇన్‌ఛార్జి సిస్టర్ అదే అంటుంది, చూడండి. అందరూ తలలూపుతారు. తర్వాత ఒక్క పేరు కొట్టేసి టీ తాగుతారు.”

“అంటారు,” అంది. “పాత కట్టలు అన్నీ చూశావా?”

“ఒక్కటి మిగిలింది.”

“చూడు.”

మిగిలినది ప్రసూతి వార్డుది, ఇరవై ఆరేళ్ల కిందటిది. తాడు విప్పితే పొడిలా రాలింది. సగం దాకా వెళ్లాక ఒక చార్టు దగ్గర ఆగాను. పద్నాలుగో మంచం, ఆపరేషన్ కాన్పు, రెండో రోజు, రెండు గంటలకోసారి చూడాల్సిన చార్టు. నాడి గడిలో ఎనభై ఎనిమిది, నూట రెండు, నూట పద్దెనిమిది, నూట ముప్పై. అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కుతూనే ఉన్నాయి. పక్కనున్న ఊపిరి గడిలో మాత్రం మేకు కొట్టినట్టు ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై. కింద ఎర్ర సిరాతో మధ్యాహ్నం మూడూ ఇరవైకి చనిపోయినట్టు డాక్టరు రాత. నాలుగు గడుల కిందా ఒకటే సంతకం. గొడవైన రోజు మేడమ్ నాకిచ్చిన చీటీ మీద ఉన్న సంతకమే.

నేను దాన్ని చొక్కా లోపల పెట్టేసుకుందామా అని ఒక్క క్షణం అనుకున్నమాట నిజం. ఎవరి కోసమో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత చీటీ తీసి మళ్లీ చదివాను. ప్రసూతి వార్డు, ఆ సంవత్సరం, ఆ నెల. ఆవిడ చేతిరాతే. అంటే ఇది దొరుకుతుందని తెలిసే పంపింది. లేదా దొరకాలనే పంపింది.

బుధవారం సాయంత్రం స్కూలు స్టాఫ్ రూముకి వెళ్లి ఫైలు ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ తెరవలేదు.

“పద్నాలుగో మంచమా?”

“అవును.”

“ఆమెకి అంతకుముందే ఒక ఆడపిల్ల ఉంది. అది వరండాలో నా వాచీతో ఆడుకుంది ఆ పొద్దున.”

“ఈ నెల కట్ట మీరే అడిగారు.”

“అడిగాను. నువ్వు రాకముందు, పాత క్లర్కు ఉన్నప్పుడు నాలుగుసార్లు ఆ ర్యాకు దాకా వచ్చాను. రెండుసార్లు చేతిలోకి తీసుకున్నా. మళ్లీ అక్కడే పెట్టేశా.”

నాకు మర్యాదగా అడగడం రాదు. “ఆమె మీవల్లే పోయిందా?”

ఆవిడకి కోపం రాలేదు. చాలా మంది రోగులు చాలా ప్రశ్నలు అడిగి ఉంటారు.

“ఊపిరితిత్తిలో రక్తం గడ్డ అన్నారు. ముందే తెలిసినా అప్పట్లో ఏం చేయగలిగేవాళ్లో తెలీదు. నాడి లెక్కపెట్టాను, పెరుగుతోందని కనపడింది. నొప్పికేమో అనుకున్నా. ఊపిరి కూడా చూసి ఉంటే రెండూ కలిపి అనుమానపడేదాన్ని. నేను అనుమానపడటం ఆ సాయంత్రం నుంచి మొదలుపెట్టాను బాబూ. అంతకుముందు నేనూ అందరిలాగే మంచిదాన్ని.”

“ఇది బయటపడితే మీకు ఇబ్బంది కదా? రిటైరవడానికి ఇంకా ఏడాదే ఉందంటున్నారు.”

“పద్నాలుగు నెలలు. ఇది లేకపోతే ఆ పిల్ల ఒక్కతే తప్పు చేసినట్టవుతుంది. ఇది ఉంటే, ఈ ఇరవై నాకంటే ముందునుంచీ ఉందని, నా చేతిమీదుగా దాని దాకా వచ్చిందని వాళ్లు ఒప్పుకోక తప్పదు. అప్పుడు ఒక్క పేరు కొట్టేస్తే చాలదు. దాన్ని బయటికి పంపాలంటే ముందు నన్ను పంపాలి.”

ఫైలుని నా వైపు నెట్టింది. చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

“రేపు చార్టులు తీసుకురమ్మని నిన్ను లోపలికి పిలుస్తారు. అన్నిటికంటే ముందు ఇది చదువు. నాడీ, ఊపిరీ పక్కపక్కన, నాలుగు గడులూ చదువు. సంతకం ఎవరిదో కూడా చదువు, అక్కడ గొంతు తగ్గించకు. మధ్యలో నేను లేచి ఏదో ఒకటి చెప్పబోతాను. అప్పట్లో డ్యూటీలో ఇద్దరమే ఉన్నామని, అరవై మంది రోగులని, ఇలాంటివేవో నా నోటికొస్తాయి. అన్నీ నిజమే. అయినా నువ్వు ఆగకు. నా మాట వినపడనట్టు చివరిదాకా చదివెయ్. నాకు ఈ ఒక్క పని చేసి పెట్టు.”